పార్వతీశం పుస్తకాన్ని ఏ మాటతో మెచ్చుకోవాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చేశాను. క్రోంపేటలో ఉంటాం, ఆఫీసు నుంగంబాక్కంలో. ఈమధ్య పుట్టింటికి వెళ్ళినప్పుడు నాన్నగారి పుస్తకాల్లోంచి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ తెచ్చుకున్నాను. పొద్దున ఎలక్ట్రిక్ ట్రైన్‌లో చదువుతుంటే టోపీ ఘట్టం వచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు, భుజాలు అదిరిపోతున్నాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ నేను ఏడుస్తున్నాననుకుని ‘ఎన్నమ్మా ఆచ్చు?’ (ఏమైందమ్మా?) అని చెయ్యి పట్టుకుంది.

మా కాలనీలో తెలుగువాళ్ళం నెలకోసారి కలుస్తాం. ఒక్కొక్కరు ఒక పుస్తకం గురించి అరపేజీ రాసి గ్రూపులో పెట్టాలి. ఈసారి నా వంతు. ‘ఇది చాలా హాస్యాస్పదమైన పుస్తకం. ఆద్యంతం కడుపుబ్బ నవ్విస్తుంది. అందరూ తప్పక చదవాలి’ అని రాశాను. మళ్ళీ చదువుకుంటే ఏ పుస్తకానికైనా అతికించేయొచ్చు అనిపించింది. నెల్లూరులో ఉన్న తమ్ముడికి పంపితే ‘ఓకే అక్కా, చూస్తా’ అన్నాడు. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి ‘సెమ కామెడీ అని రాయి మా’ అంటోంది (తమిళంలో ‘సెమ’ అంటే ‘భలే’). ఇంతగా నవ్వించిన పుస్తకానికి తెలుగులో సరైన మాట ఏది? ఇంకో సంగతి, ఈ పుస్తకం మూడు భాగాల్లో రెండో భాగంలో, మూడో భాగంలో నాకు అంత నవ్వు రాలేదు. అది రాయాలా, వదిలేయాలా?

జవాబు: ముందు ఆ ‘హాస్యాస్పదమైన’ అన్న మాట కొట్టేయండి. మిగతావి నిదానంగా చూద్దాం గానీ, అది మాత్రం గ్రూపులోకి వెళ్ళకూడదు. నిఘంటువు ప్రకారం హాస్యానికి చోటైనది అనే అర్థం. కానీ మన వాడుకలో అది తిట్టు. ‘ప్రతిపక్షం వాదన హాస్యాస్పదంగా ఉంది’ అని పేపర్లో వస్తే, ఆ వాదన విని హాయిగా నవ్వుకున్నారని ఎవరూ అనుకోరు కదా. నవ్వులపాలు, నగుబాటు, ‘నలుగురూ నవ్విపోతారు’, ఇవన్నీ ఆ కోవలోవే. వీటిలో నవ్వే జనం ఒకవైపు ఉంటారు, తల దించుకున్న మనిషి ఒకవైపు ఉంటాడు. మొక్కపాటి వారి పుస్తకం మిమ్మల్ని నవ్వించింది. మీరు దాన్ని చూసి నవ్వలేదు. మీ తమ్ముడికి చప్పగా అనిపించడానికి ఇది కూడా కొంత కారణం కావచ్చు. మెచ్చుకుంటున్నట్టూ లేదు, తిడుతున్నట్టూ లేదు.

ఇక ‘కడుపుబ్బ నవ్విస్తుంది’. మాట మంచిదే. మొదట ఎవరు అన్నారో గానీ ఒంట్లో నిజంగా జరిగేదే అన్నారు. పొట్ట చెక్కలవడమూ అంతే. కానీ ఎన్నో ఏళ్ళుగా సినిమా పోస్టర్ల మీద, టీవీ కార్యక్రమాల ప్రకటనల్లో వాటిని వాడి వాడి అరగదీశాం. ఇప్పుడు ఆ మాట కనబడితే కన్ను దాని మీద ఆగదు. నవ్వుల జల్లు, నవ్వుల పువ్వులు, హాస్యపు విందు కూడా అంతే. ‘కితకితలు పెడుతుంది’ అనేది మీకు అసలు పనికిరాదు, అది చిన్న నవ్వుకు సరిపోయే మాట. ట్రైన్‌లో మీకు జరిగింది చిన్నది కాదు.

మీ అమ్మాయి చెప్పిన ‘కామెడీ’ గురించి రెండు ముక్కలు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఏం తప్పు లేదు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల నోట ‘సెమ కామెడీ’ ఎంత సహజంగా వస్తుందో నాకు తెలుసు. అది విని నేను ముఖం చిట్లించుకోను. కానీ రాసేటప్పుడు కామెడీ అంటే సినిమాలో పాటకీ ఫైటుకీ మధ్య వచ్చే భాగం గుర్తొస్తుంది. పైగా తెలుగులో ‘కామెడీ చెయ్యకు’, ‘పెళ్ళిచూపులు కామెడీ అయిపోయాయి’ అని కూడా అంటాం. మళ్ళీ ఎవరో ఒకరు నవ్వులపాలవడం దగ్గరికే వచ్చాం.

మరి ఇంతకంటే పెద్ద మాట ఉందా అంటే, పెద్ద మాట కోసం వెతకడమే మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందని నా నమ్మకం. చాలా, మరీ, విపరీతంగా, ఆపుకోలేనంత అని కొలత పెంచుకుంటూ పోతే చివరికి అన్ని పుస్తకాలూ ఒకేలా కనబడతాయి. తెలుగువాళ్ళం నవ్వును కొలతగా చూడలేదు, తీరుగా చూశాం. అందుకే మనకు ఒక నవ్వుకి ఉన్న మాట ఇంకో నవ్వుకి పనికిరాదు. ముసిముసి నవ్వు లోపల ఏదో దాచుకున్న నవ్వు. కిసుక్కున నవ్వడం ఆపుకోబోతే జారిపోయింది. ఫక్కున నవ్వడం ఒక్కసారి పేలి అక్కడితో ఆగేది. కిలకిల పిల్లలది, ఆడపిల్లలది. పకపక కాస్త ధారాళం. గొల్లున నవ్వాలంటే ఒక్కరు చాలరు, గుంపు ఉండాలి. విరగబడి నవ్వితే ఒళ్ళు నిలవదు. పడీపడీ నవ్వడంలో ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలవడం ఉంది. మీ రైలు నవ్వు ఈ చివరి దానికి దగ్గర. చున్నీ అడ్డం పెట్టుకున్నారంటే ఆగి మళ్ళీ వచ్చిందనే అర్థం.

ఇంత వివరంగా చూడటం మనకు ఈనాటిది కాదు. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో హాస్యరసం చెబుతూ నవ్వులు ఆరు అన్నాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. ప్రతిదానికీ ముఖంలో, ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పాడు. స్మితంలో చెంపలు కొద్దిగా వికసిస్తాయి, పళ్ళు కనబడవు. హసితంలో పళ్ళు కాస్త కనబడతాయి. విహసితంలో తియ్యని చప్పుడు ఉంటుంది. ఉపహసితానికి ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, తల వంగుతుంది. అతిహసితంలో గొంతు లేస్తుంది, కళ్ళల్లో నీళ్ళు నిండుతాయి, చేతులు పక్కలు అదుముకుంటాయి. మీకు కావలసింది ఐదోది. అపహసితం అంటే నవ్వకూడని చోట వచ్చిన నవ్వు, కళ్ళ నీళ్ళతో, భుజాలూ తలా అదిరిపోతూ వచ్చే నవ్వు. లేడీస్ కంపార్ట్‌మెంట్‌లో మీకు జరిగింది అక్షరాలా అదే. ఒక పెద్దావిడ ఏడుపనుకుని చెయ్యి పట్టుకునేంతగా.

ఆ పట్టికలో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. భరతుడు ఈ ఆరింటినీ జతలుగా చేసి మొదటి రెండూ ఉత్తములకూ, మధ్య రెండూ మధ్యములకూ, చివరి రెండూ అధములకూ అప్పగించాడు. పెద్దమనిషి అన్నవాడు పళ్ళు కనబడీ కనబడకుండా నవ్వాలి. కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వేది తక్కువ వాళ్ళు. నాటకంలో ఏ పాత్ర ఎలా నవ్వాలో నటుడికి చెప్పడానికి రాసిందే కావచ్చు. కానీ ఆ వరస మన బుర్రల్లో స్థిరపడిపోయింది. సుమతీ శతకకారుడు ‘నవ్వకుమీ సభలోపల’ అని మొదలుపెట్టి ఎవరెవరి దగ్గర నవ్వకూడదో వరసగా చెప్పాడు. నవ్వు నాలుగు విధాల చేటు అని సామెత కూడా పుట్టించుకున్నాం. ఆడవాళ్ళకైతే మరీను. కొంగు నోట్లో కుక్కుకుని, వంటింటి తలుపు చాటున, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వుకునే అమ్మమ్మలను మనలో చాలామంది చూసే ఉంటారు. వాళ్ళకు నవ్వు రాక కాదు, వినబడనివ్వకూడదు కనుక.

పుస్తకాలను మెచ్చుకునేటప్పుడు కూడా ఆ భయమే పనిచేస్తోందని నాకు అనిపిస్తుంది. ఏ హాస్యరచన గురించి రాసినా ‘సున్నితమైన హాస్యం’, ‘చిరునవ్వు తెప్పించే కథలు’ అంటాం. ఆ మాట అంటే మనం మర్యాదస్థులమని చెప్పుకున్నట్టు ఉంటుంది. నిజంగా సున్నితంగా రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఆ మాట దక్కాల్సిందే. కానీ భళ్ళున నవ్వించిన రచయితకు కూడా అదే మాట ఇస్తే అతను చేసిన పనిని తగ్గించినట్టు. నిద్రమొహాలతో ఆఫీసుకు పోయే జనం మధ్య, ఒక మనిషి చేత, అచ్చులో ఉన్న అక్షరాలతో కన్నీళ్ళు వచ్చేలా నవ్వించడం ఎంత కష్టమైన విద్యో ఆలోచించండి. పక్కన నటుడు లేడు, గొంతు లేదు, సంగీతం లేదు. కాబట్టి మీ నవ్వు పెద్దదని రాయడానికి మొహమాటపడకండి. ఎలా నవ్వారో ఉన్నదున్నట్టు రాయండి. ‘కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వాను’ అని మీరు రాస్తే అది అరిగిపోయిన మాటలా ఉండదు, ఎందుకంటే దాని పక్కనే క్రోంపేట రైలూ, చెయ్యి పట్టుకున్న పెద్దావిడా ఉంటారు.

అయితే ఇదంతా మీ గురించి. పుస్తకం గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. మీరు పడీపడీ నవ్వారంటే మీకు నవ్వొచ్చిందని తెలుస్తుంది. ఏం చేసి నవ్వించిందో తెలియదు. మీ ప్రశ్నలో నాకు విలువైనదిగా కనిపించే చోటు ఇదే. ఎక్కువగా నవ్వించిన పుస్తకానికి సరిపోయే మాట చాలాసార్లు నవ్వుకు సంబంధించిన మాటల్లో దొరకదు. అది ఆ పుస్తకంలోని మనిషి స్వభావం దగ్గర దొరుకుతుంది.

మనకు బాగా తెలిసిన పుస్తకాలతో చూద్దాం. మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం కథలు తీసుకోండి. హాస్యకథలు అంటే ఏం తెలిసింది? భార్యాభర్తల గిల్లికజ్జాలు అనండి, వెంటనే ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు, కోపం కాని కోపం కళ్ళ ముందుకొస్తాయి. మీ చెన్నైలోనే ఏళ్ళ తరబడి ఉండి రాసిన ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగుని ఒక్క మాటలో చెప్పమంటే గడుగ్గాయి అంటాను. అల్లరి పిల్లాడు అంటే చాలదు. అల్లరి అందరు పిల్లలూ చేస్తారు. గడుగ్గాయి అంటే పెద్దవాళ్ళ గుట్టు తెలిసినవాడు. బాపు గారి గీతలో ఆ నిలబడే తీరు చూసినా ఆ మాటే నోటికొస్తుంది. గురజాడ వారి గిరీశం మాటకొస్తే బుకాయింపు. తనకు లేని గొప్ప ఉన్నట్టు చెబుతున్నానని అతనికి బాగా తెలుసు. శిష్యుడు వెంకటేశానికి మాత్రం తెలియదు. 1897లో అచ్చయిన ఆ ‘కన్యాశుల్కం’ నాటకం గురించి ‘నవ్విస్తుంది’ అని ఊరుకోలేం కూడా. ఒక ముసలాయనకు చిన్నపిల్లను డబ్బుకు కట్టబెట్టే బేరం నడుస్తుంటే, ఆ బేరం చుట్టూ మనం నవ్వుతుంటాం. కాసేపటికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. అక్కడ ఆ అడ్డం పడటం కూడా చెప్పాలి.

గిల్లికజ్జా, గడుగ్గాయి, బుకాయింపు. మూడింట్లో ఎక్కడా నవ్వు అన్న మాట లేదు. అయినా వినగానే పెదవి కదులుతుంది.

మాటల్తో ఆటపట్టించే పుస్తకాలకూ ఇలాగే చూసుకోవాలి. అందరూ ‘వ్యంగ్యం’ అనే ఒక్క గంపలో అన్నిటినీ వేసేస్తారు. వెటకారం వేరు, అది గంభీరంగా ముఖం పెట్టి తిరగేసి అనడం. గోదావరి జిల్లాల వాళ్ళకు అది పుట్టుకతో వచ్చిందని అంటుంటారు. ఎకసెక్కంలో కొంచెం చేదు ఉంటుంది. వేళాకోళం స్నేహం ఉన్నచోట చెల్లుతుంది. పరాచికానికి వరస కావాలి, బావామరదళ్ళు ఆడుకుంటారు. ఎగతాళి చేస్తే ఎదుటివాడు నొచ్చుకుంటాడు, హేళన చేస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఒక రచయిత తన ఊరివాళ్ళతో వేళాకోళమాడితే దాన్ని మీరు ఎగతాళి అని రాశారనుకోండి, అతన్ని పొగడబోయి చెడ్డవాణ్ణి చేసినట్టే. కాబట్టి ఏ పుస్తకానికైనా మొదట అడగాల్సింది ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు అని. రచయిత పాత్ర కంటే పైన కూర్చున్నాడా, పక్కన కూర్చున్నాడా?

ఇప్పుడు మీ పార్వతీశం దగ్గరికి వద్దాం. మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు కావాలని ఇంగ్లండుకు బయల్దేరతాడు. కథ అంతా తనే చెబుతాడు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పైనుంచి రచయిత వచ్చి ‘చూడండి ఎంత తెలివితక్కువవాడో’ అని కన్నుగీటడు. పార్వతీశం తనకు జరిగింది జరిగినట్టు, ఎంతో శ్రద్ధగా, నిజాయితీగా చెప్పుకుపోతాడు. తను చెప్పేది విని ఎవరైనా నవ్వుతారన్న స్పృహ ఆ గొంతులో ఎక్కడా ఉండదు. మీ నవ్వు అందుకే ఆగలేదు. చెప్పేవాడు నవ్వితే మనం కొంత నవ్వి ఊరుకుంటాం. అతను నవ్వడు కనుక మొత్తం నవ్వు మన మీదే పడుతుంది.

అతన్ని అమాయకుడు అంటారు అందరూ. నిజమే గానీ ఆ మాట సగమే. వట్టి అమాయకుడైతే పక్కవాణ్ణి అడిగేసేవాడు, కథ అక్కడితో అయిపోయేది. టోపీ ఘట్టమే చూడండి. దొరల దేశానికి వెళుతున్నాం కనుక టోపీ ఉండాలని అతనికి తెలుసు. ఎలాంటి టోపీ అన్నది తెలియదు. తెలియనట్టు కనబడటం ఇష్టం లేదు. అలా ఆడవాళ్ళ టోపీ ఒకటి కొనుక్కుని దర్జాగా పెట్టుకుంటాడు. అక్కడ మనల్ని పడగొట్టేది టోపీ కాదు, ఆ దర్జా. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకునే ఆ స్వభావానికి తెలుగులో చక్కని మాట ఉంది. బింకం. మీ పుస్తకానికి నేను ఇచ్చే మాట అదే. గిరీశానిది బుకాయింపు, పార్వతీశానిది బింకం. మొదటివాడు ఎదుటివాణ్ణి మోసం చేస్తాడు. రెండోవాడు ఎవరినీ మోసం చేయడు, పరువు కాపాడుకుందామనుకుంటాడు, అంతే. అందుకే అతని మీద మనకు ఎంత నవ్వొచ్చినా కోపం రాదు, చులకన కూడా రాదు.

మీరు అంతగా ఎందుకు నవ్వారో కూడా ఆ మాటే చెబుతుంది. నెల్లూరు నుంచి చెన్నై వచ్చిన కొత్తలో మీరు ఎలా ఉండేవారో గుర్తు తెచ్చుకోండి. బస్సు బోర్డు మీద తమిళ అక్షరాలు చదవడం రాకపోయినా చదివినట్టే చూడటం, కూరగాయల అంగడిలో ధర అర్థం కాకపోయినా ‘సరి సరి’ అని వందనోటు ఇచ్చి ఇచ్చిన చిల్లర పుచ్చుకోవడం, ఫోన్లో అవతలివాళ్ళు గబగబా మాట్లాడుతుంటే ‘ఆమా, ఆమా’ అనడం. ఈ ఊరు వచ్చిన ప్రతి తెలుగువాడూ కొన్నాళ్ళు పార్వతీశమే. నూరేళ్ళు దాటిన పుస్తకం ఇవాళ్టి ఎలక్ట్రిక్ ట్రైన్‌లో పనిచేసిందంటే, ఓడా టోపీ పాతబడ్డాయి గానీ ఆ బింకం పాతబడలేదు. మీ కాలనీ వాళ్ళకు చెప్పాల్సింది ఇది. వాళ్ళందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే కదా.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, నవ్విస్తుందని హామీ ఇవ్వకండి. ‘నవ్వకుండా ఉండలేరు’ అని రాస్తే చదివేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు, ఏదీ నవ్వించు చూద్దాం అని. భయపెట్టే కథకూ ఏడిపించే కథకూ కూడా ఈ ఇబ్బంది కొంత ఉంది గానీ, హాస్యానికి మరీ ఎక్కువ. నవ్వు అనుకోకుండా రావాలి. ముందే చెప్పి తెప్పిస్తే రాదు. ‘అందరూ తప్పక చదవాలి’ అన్న వాక్యం కూడా తీసేయండి, అది బడి మాస్టారి మాటలా ఉంది.

రెండోది, హాస్యఘట్టాన్ని మొత్తం చెప్పేయకండి. అది ఆడవాళ్ళ టోపీ అని మీరే రాసేస్తే చదివేవాళ్ళకు ఇంకేం మిగలదు. ఇక్కడ మీకు అర్థం కావడానికి నేను విప్పి చెప్పాను. మీరు మాత్రం ఒక అడుగు ముందే ఆగిపోండి. టోపీ కొన్నాడు అనండి, చాలు. ఎందుకు నవ్వొచ్చిందో వివరించడం అసలు వద్దు. వివరించిన హాస్యం చల్లారిన కాఫీ లాంటిది, ఎవరూ ఇష్టంగా తాగరు.

మీ అరపేజీ ఇలా ఉంటే బాగుంటుందని నాకు తోచింది. మాటలు మార్చుకోండి, మీ గొంతులో చెప్పుకోండి:

‘మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడి కథ ఇది. కథ అతనే చెబుతాడు. దారిలో ప్రతిదీ అతనికి కొత్త. తెలియదని ఒప్పుకోవడం మాత్రం నామోషీ. ఆ బింకంతోనే మన మద్రాసు మీదుగా వెళ్ళాడు. ఒక టోపీ కొన్నాడు. ఆ టోపీ దగ్గరికి వచ్చేసరికి నా ట్రైన్ పల్లావరంలో ఉంది. సైదాపేట వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను. పక్కనున్న పెద్దావిడ నేను ఏడుస్తున్నానని కంగారుపడింది. చెన్నై వచ్చిన కొత్తలో తమిళం అర్థమైనట్టు తల ఊపినవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే, ఈ పుస్తకం వాళ్ళ గురించే.’

ఇందులో హాస్యం అన్న మాట లేదు, నవ్వు అన్న మాట కూడా లేదని గమనించే ఉంటారు. అవి లేకపోయినా మీరు ఎంతలా నవ్వారో ఎవరికీ అనుమానం ఉండదు. ‘నవ్వాను’ అని ఒకచోట చేర్చాలనిపిస్తే చేర్చండి, తప్పు లేదు. స్టేషన్ల పేర్లు మాత్రం ఉంచండి. ఆ లైన్లో రోజూ తిరిగేవాళ్ళకు పల్లావరం నుంచి సైదాపేట ఎంతసేపో తెలుసు. మధ్యలో సెయింట్ థామస్ మౌంట్, గిండీ దాటాలి. అంతసేపు నవ్వు ఆగలేదంటే ఇక వేరే విశేషణం అక్కర్లేదు.

మీ తమ్ముడి సంగతి వేరు. అతనికి ఏ మాట రాసి పంపినా ‘ఓకే అక్కా’ అనే అంటాడు. రోజుకి ఎన్ని పుస్తకాల గురించి, ఎన్ని సినిమాల గురించి ఇలాంటి మెసేజ్‌లు వస్తాయో పాపం. అతనికి ఫోన్ చేసి రెండు పేజీలు చదివి వినిపించండి. ఒకే ఒక్క షరతు, మీరు నవ్వకూడదు. చదివేవాళ్ళు ముందే నవ్వేస్తే వినేవాళ్ళకు నవ్వు రాదు. పార్వతీశం ఎంత గంభీరంగా చెప్పాడో మీరూ అలాగే చదవాలి. దానికి కొంచెం సాధన కావాలి. టోపీ పేజీలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకి చదువుకుని, నవ్వంతా అక్కడే అయిపోగొట్టుకుని, అప్పుడు ఫోన్ చేయండి.

అమ్మాయికి కూడా వినిపించడమే మంచిది. చెన్నైలో పెరిగే పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగు బాగా వచ్చినా అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గర అలసిపోతారు. హాస్యానికి వేగం కావాలి. ఒక్కో పదం దగ్గర ఆగి ఆగి చదివితే వాక్యం చివరికి చేరేసరికి నవ్వు ఆవిరైపోతుంది. పైగా నూరేళ్ళ కిందటి గోదావరి జిల్లా మాటలు. నెల్లూరు ఇంట్లో పెరిగిన మీకే కొన్ని కొత్తగా అనిపించి ఉంటాయి. చెవితో వింటే ఆ మాటలు సందర్భాన్ని బట్టి తెలిసిపోతాయి. మధ్యలో ఆపి అర్థాలు చెప్పకండి. అడిగితే చెప్పండి. ఆమె ‘సెమ కామెడీ’ అంటే అననివ్వండి. అది ఆమె మాట. ఆమె కూడా కొన్నాళ్ళకు బింకం అన్న మాట ఎవరి మీదనో వాడుతుంది, మీమీదే వాడినా ఆశ్చర్యం లేదు.

చివరగా రెండో, మూడో భాగాల సంగతి. తప్పకుండా రాయండి. మీకు నచ్చిన పుస్తకంలో తగ్గిన చోటు కూడా చెబితేనే మీరు మెచ్చుకున్న చోటును జనం నమ్ముతారు. పార్వతీశం పెద్దవాడయ్యాడు, లోకం తెలిసింది. తెలిసినవాడికి బింకంతో పనేముంది? నవ్వు తగ్గడానికి అదే కారణమని నా ఉద్దేశం, రచయిత శక్తి తగ్గి కాదు. అవి చదివేటప్పుడు మొదటి భాగం లాంటి నవ్వు కోసం ఎదురుచూస్తే నిరాశ తప్పదు, ఒక మనిషి జీవితంగా చదివితే ఇబ్బంది లేదు. మీ అరపేజీ కింద ఒక్క వాక్యం చేర్చండి: ‘నేను ఇంతగా నవ్వింది మొదటి భాగానికి, ముందు అదొక్కటీ చదవండి, పార్వతీశం మీద ఇష్టం కలిగితే మిగతా రెండూ నా దగ్గర ఉన్నాయి, ఇస్తాను.’ నాన్నగారి పుస్తకం కనుక తీసుకెళ్ళినవాళ్ళ పేరు రాసి పెట్టుకోండి.